వేలెడు దూరం

అంబాజీపేట సంత దాటాక, పాత కురిడీ గోడౌను.
సాయంత్రం ఆరైనా రేకుల కింద
కొబ్బరినూనె వాసన వెచ్చగా తిరుగుతూనే ఉంటుంది.
తొమ్మిది మంది పిల్లలు. పదోదాన్ని నేను.
నలభై మూడేళ్లు, మోకాలికి కట్టు,
చీరకి బదులు కూతురి పాత ట్రాక్‌ప్యాంటు.

నిజానికి చేరింది నా కూతురు ప్రసూన.
రెండు నెలలు గుమ్మం దగ్గర కూర్చుని
దాని చెప్పులకి కాపలా కాశాను.
ఇంటరు ట్యూషనంటూ అది మానేసేనాటికి
ఇంకో మూడు నెలల ఫీజు ముందే కట్టేసి ఉంది.
డబ్బులు పోతాయని నేను చేరాను.
ఇందులో గొప్పేం లేదు.

రత్నరాజు మాస్టారు
కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్లో అంట్లు తోమే రోజుల్లో
ఓ కొరియా ఇంజనీరు వెనక నిలబడి నేర్చుకున్నాడట.
హనా, దుల్, సెత్, నెత్...
ఆయన నోట్లో ఆ అంకెలక్కూడా మన యాసే.
"మోకాళ్లు వంచాలండీ, గుర్రం ఎక్కినట్టు, ఆయ్!"
ఈ లంకల్లో గుర్రమెక్కిన ఆడదాన్ని నేనెక్కడా చూళ్లేదు.
పడవ నడుమ నిలబడ్డాననుకున్నాను.
కుదిరింది.

పగలు నా పని కాయ కొట్టడం.
ఎడమ అరచేతిలో కాయ, కుడిచేతిలో కత్తి.
ఒక్కటే దెబ్బ.
నీళ్లు తొట్లోకి, చిప్పలు ఎండలోకి.
పద్దెనిమిదేళ్లలో గురి తప్పింది ఒక్కసారే,
ఆ వేలికి గోరు మళ్లీ రాలేదు.
అందుకే చెక్కకత్తి చేతికిచ్చినప్పుడు నవ్వొచ్చింది.
నాకా, నరకడం నేర్పేది?

మాస్టారు నరకడం నేర్పలేదు.
ఒరలోంచి తియ్యడం ఒక నెల.
ఒరలో పెట్టడం రెండు నెలలు.
"తియ్యడం కోపానిక్కూడా వచ్చండీ" అన్నాడు,
"పెట్టడమే దానికి రాదు."
కళ్లు దించకుండా, బొటనవేలి పక్కనుంచి
కత్తి వీపు జారుతూ జారుతూ ఇంటికి పోవాలి.
ఎన్నిసార్లు గుమ్మం తప్పిందో!

వానలు వెనకబట్టాక అరటి బొందెలు నిలబెట్టి
మొదటిసారి ఉక్కు కత్తి ఇచ్చారు.
పిల్లలు ఏటవాలుగా, వెన్నలా కోసుకుపోయారు.
నా దెబ్బకి బొందె తెగింది,
దాన్ని నిలబెట్టిన మేకు కూడా వంగింది.
"ఎవర్ని కొట్టారండీ, బుల్లెమ్మాయి గారూ?"
నేను మాట్లాడలేదు.
లెక్కలో వందకి నాలుగు కాయలు మింగే గుమాస్తానా?
అన్నం పళ్లెం గోడకేసి కొట్టిన మనిషినా?
ఆయన పోయి రెండేళ్లయింది.
నా కుడిభుజంలో ఇంకా కాపురముంటున్నాడని
అరటి బొందె చెప్పాలా?

తర్వాత కొవ్వొత్తి.
కత్తి గాలికే దీపం ఆరాలి, వత్తికి తగలకూడదు.
మొదటి రాత్రి కొవ్వొత్తి తల ఎగిరి
ప్రసూన వాళ్ల జట్టు పిల్ల జడలో పడింది.
నెల్లాళ్లు పట్టింది, ఆగడానికి.
ఇంత బలమూ వచ్చి వచ్చి
వేలెడు దూరంలో ఆగాలి.
ఆగిన చోటినుంచే గాలి పుడుతుందట.

రాజమండ్రిలో పరీక్ష.
మూడు దీపాల్లో నాకు ఆరింది ఒకటే.
బెల్టు రాలేదు.
రావులపాలెం వంతెన మీద బస్సు ఊగుతుంటే
కిందనున్న గోదారిని చూసి ఏడుద్దామనుకున్నాను.
ఆకలేసింది.
పక్క సీటు ముసలాయన బఠాణీలు పెట్టాడు.
"చేతిలో అదేంటమ్మా, గొడుగా?" అనడిగాడు.
అవునన్నాను.

మర్నాడు పొద్దున్న గోడౌన్లో
కాయ అరచేతిలో పెట్టుకుని కత్తెత్తాను.
దిగింది.
పీచు మీద, వేలెడు ఎత్తులో, దానంతటదే ఆగింది.
పక్కన చిప్పలు సర్దుతున్న నూకాలు
"ఏవే, కాయలో నీ మొహం కనపడతందేటి?" అని నవ్వింది.
మూడు కళ్లూ తెరుచుకుని కాయ నాకేసే చూస్తోంది.
ఎంతసేపుందో అలా. రెండు ఊపిర్లు, మూడు.

తర్వాత కొట్టాను.
కూలి పని కదా, కొట్టక తప్పదు.
చప్పుడు మాత్రం
నిన్నటికంటే తగ్గింది.